కాలనీవాళ్లే యజమానులుగా ఆహార సహకార సంఘం: విజయవాడలో పెట్టడం, నిలబెట్టుకోవడం

బెజవాడలో సరుకులకు కొరతేమీ లేదు. గొల్లపూడిలో హోల్‌సేల్ కాంప్లెక్స్ ఉంది, వన్‌టౌన్‌లో కాళేశ్వరరావు మార్కెట్ ఉంది, 1999 నుంచి రైతుబజార్లు ఉన్నాయి. సందుకో కిరాణా కొట్టు, ఫోన్ నొక్కితే పది నిమిషాల్లో పాల ప్యాకెట్ తెచ్చే కుర్రాళ్లు సరేసరి. ఇన్ని ఉండగా మళ్లీ సంఘం ఎందుకని ఎవరైనా అడిగితే, చవక కోసం అని మాత్రం జవాబు చెప్పకండి. కిలోకి పది రూపాయలు తగ్గుతుందని చేరినవాళ్లు పక్క కొట్టులో పన్నెండు తగ్గగానే వెళ్లిపోతారు. తినేవాళ్లే సరుకు ఎంచుకుని, తినేవాళ్లే ధర కట్టి, లెక్క కూడా వాళ్లే చూసుకోవడానికి పెట్టేది సంఘం. కాస్త చవక పడితే మంచిదే, పడుతుంది కూడా. కానీ దాన్ని పునాదిగా పెట్టుకోకూడదు.

కింద చెప్పిన వరుస వంద ఇళ్ల లోపు కాలనీకి, అపార్టుమెంట్ల గుంపుకి, లేదా రెండు మూడు వీధులకు సరిపోతుంది. సత్యనారాయణపురానికైనా, భవానీపురానికైనా, గుంటూరు బ్రాడీపేటకైనా పద్ధతి ఒకటే.

1. రిజిస్ట్రేషన్ కంటే ముందు పది ఇళ్లు, నాలుగు సరుకులు

మనవాళ్లు సంఘం అనగానే ముందు పేరు, లోగో, అధ్యక్షుడు, శాలువాలతో మొదలుపెడతారు. అవన్నీ ఆరు నెలలు ఆగొచ్చు. ముందు పది పన్నెండు ఇళ్లవాళ్లు కలిసి నెలకోసారి ఉమ్మడిగా సరుకు తెప్పించుకోండి. బియ్యం, కందిపప్పు, మినప్పప్పు, నూనె చాలు. ఎవరికెంత కావాలో ఇరవయ్యో తేదీలోగా చెప్పాలి, డబ్బు ముందే కట్టాలి. సరుకు ఒకరి ఇంటి వరండాలోనో, అపార్టుమెంట్ సెల్లార్‌లోనో దింపుకుని ఎవరి వాటా వాళ్లు తూచుకుని వెళ్లాలి.

నాలుగే ఎందుకంటే, వినియోగదారుల సహకారానికి ఆద్యులుగా చెప్పుకునే ఇంగ్లండ్‌లోని రాచ్‌డేల్ కార్మికులు 1844లో కొట్టు తెరిచినప్పుడు వాళ్ల అరల్లో ఉన్నవి కూడా దాదాపు ఇన్నే: వెన్న, పంచదార, గోధుమ పిండి, ఓట్ పిండి, కొవ్వొత్తులు. తలా ఒక పౌను చొప్పున వేసుకుని 28 మంది మొదలుపెట్టారు. తక్కువ సరుకులైతే తప్పు ఎక్కడ జరిగిందో వెంటనే తెలుస్తుంది.

కూరగాయల జోలికి మొదట్లో వెళ్లొద్దు. మే నెల బెజవాడ ఎండలో తోటకూర మధ్యాహ్నానికే వాడిపోతుంది, మిగిలిన టమాటా ఎవరి ఖాతాలో వేయాలన్నది పెద్ద తగువు. కూరలకు రైతుబజారు ఉండనే ఉంది.

ఈ ఆరు నెలల్లో మీకు తెలియాల్సినది సరుకు గురించి తక్కువ, మనుషుల గురించి ఎక్కువ. ఎవరు చెప్పిన టైముకి డబ్బు కడుతున్నారు, ఎవరు బస్తా దింపేటప్పుడు కనబడుతున్నారు, ఎవరు అన్నీ అయ్యాక వచ్చి నూక ఎక్కువైందంటున్నారు. రేపు పాలకవర్గంలో ఎవరుండాలో ఇక్కడే తేలిపోతుంది.

2. సరుకు పట్టడం నేర్చుకోండి

హోల్‌సేల్ దగ్గరికి ఒక్కరే వెళ్లకూడదు. ముగ్గురు వెళ్లండి, ప్రతిసారీ అందులో ఒకరైనా మారాలి. లేకపోతే ఏడాది తిరిగేసరికి బేరం చేయడం తెలిసినవాడు ఒక్కడే మిగులుతాడు, సంఘం అతని జేబులోకి వెళ్లిపోతుంది. అతను ఎంత మంచివాడైనా సరే.

బియ్యం దగ్గర మన ఇళ్లలో పట్టింపు ఎక్కువ. మన వైపు ఎక్కువ ఇళ్లు తినేది సాంబ మసూరి, అంటే బీపీటీ 5204. బాపట్ల పరిశోధన కేంద్రంలో పుట్టిన రకమే. సార్వా (వానాకాలం వరి) కోతలయ్యాక సంక్రాంతి ముందు వచ్చే కొత్త బియ్యం వండితే ముద్దవుతుంది. కనీసం ఆరు నెలలు నిలవున్నది అయితే అన్నం పొడిపొడిగా వస్తుంది. పాత బియ్యం అని చెప్పి కొత్తవి కట్టబెట్టడం సులువు, కాబట్టి బస్తా మూతి దగ్గర గుప్పెడు చూసి ఊరుకోవద్దు. ఇనుప గొట్టం గుచ్చి నడుమ నుంచి, అడుగు నుంచి సరుకు తీయించండి. మూడు చోట్లవీ విడిగా ఇంటికి తెచ్చి వండి చూడండి. నూక శాతం కంటితో లెక్కేయొచ్చు, పాతదనం మాత్రం గిన్నెలోనే తెలుస్తుంది.

కందిపప్పుకి ఒకటే పరీక్ష. గంట నానబెట్టి, ఇంట్లో వాడే కుక్కర్లోనే, రోజూ వేసే నీళ్లతోనే ఉడికించాలి. ఒకరింట్లో మున్సిపాలిటీ నీళ్లు, ఇంకొకరింట్లో బోరు నీళ్లు ఉంటే రెండు చోట్లా ఉడికించండి. కఠినత్వం ఎక్కువున్న నీళ్లలో పప్పు ఉడకడం ఆలస్యమవుతుంది, ఆ నింద అనవసరంగా మిల్లు మీద పడుతుంది.

మినుములు, పెసలు అయితే మన డెల్టాలోనే వరి కోశాక వేస్తారు, ఫిబ్రవరి మార్చి నెలల్లో చేతికొస్తాయి. ఆ రెండు నెలల్లో ఏడాదికి సరిపడా కొనిపెట్టుకోవాలన్న ఉబలాటం అందరికీ పుడుతుంది. మొదటి ఏడాది వద్దు. పురుగు పట్టకుండా నిలవ చేయడం వేరే విద్య. బాగా ఎండబెట్టాలి, నేలకి తగలకుండా చెక్కల మీద పేర్చాలి, గోడకి జానెడు దూరం వదలాలి, పదిహేను రోజులకోసారి బస్తాల మధ్య చూడాలి. ఇదంతా చేయడానికి మనుషులు కుదిరాక కొనండి.

ఇంకో సంగతి. 26 కిలోల బియ్యం బస్తాలు ఎక్కడి నుంచి వచ్చాయని చాలామంది అడుగుతుంటారు. లేబుల్ వేసి ముందే ప్యాక్ చేసిన 25 కిలోల దాకా ఉన్న బియ్యం, పప్పుల మీద 2022 జూలై 18 నుంచి 5 శాతం జీఎస్టీ పడింది. 25 దాటితే పడదు. అందుకే ఆ అదనపు కిలో. సంఘం పెద్ద బస్తా తెచ్చి సభ్యుల ముందు విడిగా తూచి ఇస్తే ఈ తలనొప్పి లేదు, ప్యాకింగ్ ఖర్చూ లేదు.

3. ధర చీటీ గోడకి అంటించండి

మొత్తం మార్గదర్శిలో ఒక్క పనే చేస్తామంటే నేను ఇదే చేయమంటాను. యాజమాన్యం గురించి గంటసేపు ఉపన్యసించినా పుట్టని పట్టింపు ఈ చీటీ దగ్గర పుడుతుంది.

ప్రతి సరుకుకీ ఒక చీటీ. కొన్న ధర ఎంత, ఎక్కడ కొన్నాం, కిరాయి ఎంత, హమాలీ ఎంత, తరుగు ఎంత, కొట్టు ఖర్చు ఎంత, మిగులు ఎంత. లెక్క తెలియడానికి కందిపప్పు కిలో మిల్లు దగ్గర 100 రూపాయలు అనుకుందాం. కిరాయి, హమాలీ కలిపి రూపాయిన్నర, తరుగు అర్ధరూపాయి. ఉమ్మడి కొనుగోలు దశలో అద్దె లేదు, జీతం లేదు కాబట్టి సభ్యుడికి 102కి వస్తుంది. కొట్టు తెరిచాక అద్దె, కుర్రాడి జీతం, కరెంటు కలిపి ఏడున్నర, మిగులు రెండున్నర. అంటే 112. బజార్లో అప్పుడు 118 ఉంటే మీరు ఆరు తక్కువ. 110 ఉంటే రెండు ఎక్కువ, ఆ రెండూ ఎందుకు ఎక్కువో గోడ మీదే ఉంది.

చీటీ లేని కొట్టులో "ఏంటండీ ఇంత రేటు" అంటారు. ఉన్నచోట మాట ఎలా మారుతుందో చూడండి.

"బాబూ, మిల్లులో వంద అయితే నాకు నూట పన్నెండేంటి?"

"చీటీలో ఉంది పిన్నిగారూ. కొట్టు ఖర్చే ఏడున్నర."

"ఏడున్నరలో కరెంటు ఎంత?"

"అర్ధరూపాయి పైనే పడుతోందండీ."

"పడదూ మరి! మనిషి లేని గదిలో ఆ ఫ్యాను పొద్దుటి నుంచి తిరుగుతూనే ఉంది. ముందు అది కట్టెయ్యి."

ఫ్యాను కట్టేయమన్న ఆవిడ కొనుగోలుదారులా మాట్లాడలేదు. అలాంటి పిన్నిగార్లు నలుగురుంటే ఆడిటర్ పని సగం తగ్గుతుంది.

చీటీ మీద ధర మారిన తేదీ తప్పనిసరిగా రాయండి. పాత చీటీలు చింపేయకుండా ఒక ఫైల్లో పెట్టండి. ఏడాది చివర్లో "మీరు రేట్లు పెంచేశారు" అన్న మాట వచ్చినప్పుడు మిల్లు ధర పెరిగిందా, మన ఖర్చు పెరిగిందా అన్నది అదే చెబుతుంది.

4. చట్టం, బైలా

ఆరు నెలలు నడిచి, ఇళ్లు ముప్పై నలభైకి చేరాక రిజిస్ట్రేషన్ గురించి ఆలోచించండి. మన రాష్ట్రంలో దారులు రెండు. 1964 నాటి సహకార సంఘాల చట్టం ఒకటి, 1995లో వచ్చిన పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం రెండోది. ఆఫీసుల్లో, డ్వాక్రా సమాఖ్యల్లో అందరూ దీన్ని మాక్స్ అంటారు. ఇలాంటి చట్టం దేశంలో మొదట తెచ్చింది మన రాష్ట్రమే. ఇందులో ప్రభుత్వ వాటాధనం ఉండదు, కాబట్టి ప్రభుత్వ పెత్తనమూ తక్కువ. మహిళా సమాఖ్యలు చాలావరకు దీని కిందే నమోదయ్యాయి. చిట్టినగర్‌లో ప్లాంటు ఉన్న మన కృష్ణా మిల్క్ యూనియన్, అదే విజయ డెయిరీ, దీని కిందిదే. కాలనీ సంఘానికి కూడా నా ఓటు దీనికే.

రైతు ఉత్పత్తిదారుల కంపెనీ పెట్టమని కొందరు సలహా ఇస్తారు. దానిలో సభ్యులు పంట పండించేవాళ్లే అయి ఉండాలి. కొనుక్కుని తినే ఇళ్లకు అది కుదరదు.

దరఖాస్తుకి వేర్వేరు కుటుంబాలకు చెందిన పది మంది చాలు. జిల్లా సహకార అధికారి కార్యాలయంలో ఇవ్వాలి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక విజయవాడవాళ్లది ఎన్టీఆర్ జిల్లా, కృష్ణా కాదు. పాత కాగితాల్లో కృష్ణా అని ఉంటే చిరునామా ముందే సరిచూసుకోండి.

అసలు పని బైలా, అంటే సంఘం సొంత నిబంధనలు, రాయడం. ఎక్కడో దొరికిన నమూనాలో పేరు మార్చి సంతకాలు పెట్టించేస్తే, తగువు వచ్చిన రోజున అందులో ఏముందో ఎవరికీ తెలియదు. తెలుగులో రాసుకుని, రెండు ఆదివారాలు కూర్చుని ఒక్కో నిబంధనా గట్టిగా చదవండి. సభ్యత్వం ఎవరికి, ఎంత కొంటే ఓటు, వంతు పని చేయకపోతే ఏమిటి, సంఘానికి సరుకు అమ్మేవాళ్లు గానీ వాళ్ల ఇంటివాళ్లు గానీ పాలకవర్గంలో ఉండొచ్చా, వెళ్లిపోయేవాళ్ల డబ్బు ఎన్ని రోజుల్లో ఇవ్వాలి. ఈ ఐదింటికి స్పష్టమైన జవాబు ఉంటే మిగతాది వకీలు చూసుకుంటాడు. సరుకు అమ్మేవాళ్ల విషయంలో మాత్రం నిక్కచ్చిగా ఉండండి. రైస్ మిల్లు ఉన్నాయన సభ్యుడిగా ఉండొచ్చు, కమిటీలో కూర్చుని తన బియ్యం తానే కొనడం కుదరదు.

5. వాటా, ఓటు

వాటా ఎంత పెట్టాలన్నది కాలనీని బట్టి ఉంటుంది. వెయ్యి రూపాయలు పెట్టి, నెలకు వంద చొప్పున పది వాయిదాల్లో కట్టనివ్వడం చాలాచోట్ల నడుస్తుంది. మొదటి వంద కట్టిన రోజు నుంచే కొనే హక్కు ఇవ్వండి. ఒక ఇంటికి ఇన్ని వాటాలే అని పై హద్దు పెట్టండి. ఎన్ని వాటాలున్నా ఓటు మాత్రం ఒకటే. "నేను యాభై వేలు పెడతా, నా మాట చెల్లాలి" అని ఎవరో ఒకరు ముందుకొస్తారు. ఆ డబ్బు ఎంత అవసరమనిపించినా మర్యాదగా వద్దనండి.

సభ్యత్వం ఇంట్లో ఎవరి పేరు మీద? వంటిల్లు ఎవరి చేతిలో ఉంటే వాళ్ల పేరు మీద పెట్టమనండి. మగవాళ్ల పేర రాసిన చోట సమావేశానికి వచ్చేది ఆయన, పప్పు ఉడకలేదని తెలిసేది ఆవిడకి. అటు మాట ఇటు చేరదు.

అద్దెకున్నవాళ్లని మరచిపోకండి. పటమట, మొగల్రాజపురం వైపు చాలా వీధుల్లో అద్దె ఇళ్లే ఎక్కువ. సొంత ఇల్లున్నవాళ్లకే సభ్యత్వం అంటే అది ఇంటి యజమానుల క్లబ్బు అవుతుంది. అద్దెవాళ్లకీ అదే వాటా, అదే ఓటు, వెళ్లేటప్పుడు డబ్బు వాపసు. ఇంటి పని చేసే అమ్మాయి, వాచ్‌మన్ కుటుంబం, ఇస్త్రీ బండి ఆయన కూడా అదే వీధిలో అన్నం తింటున్నారు. వాళ్లకి వెయ్యి భారమైతే వాయిదా యాభై చేయండి. అరకిలో, పావుకిలో తూకం ఉంచండి. ఐదు కిలోల కంటే తక్కువ ఇవ్వం అన్న సంఘంలో కూలి డబ్బుతో బతికేవాళ్లకి చోటు లేనట్టే.

6. వంతు పని

సభ్యులు పని చేయని సంఘం కొట్టుగా మారిపోతుంది. ఇది ఇక్కడే కాదు, న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో 1973లో పెట్టిన పార్క్ స్లోప్ ఫుడ్ కోఆప్ అనే సంఘంలో వేల మంది సభ్యులున్నా వంతు పని ఇప్పటికీ నియమమే. మనకి నెలకు రెండు గంటలు చాలు.

పని అనగానే బస్తాలు మోయడం ఒక్కటే గుర్తొస్తుంది. నిజానికి ఏడెనిమిది రకాలుంటాయి: కాటా దగ్గర తూచడం, బిల్లు రాయడం, హోల్‌సేల్‌కి వెళ్లడం, సరుకు వండి చూడడం, నిలవ లెక్కపెట్టడం, చీటీలు మార్చడం, రానివాళ్లకి ఫోన్ చేయడం, నడవలేని పెద్దవాళ్లకి సరుకు ఇంటికి చేర్చడం. రిటైరైన బ్యాంకు ఉద్యోగి లెక్కలు చూస్తాడు. మోకాళ్ల నొప్పులున్న మామ్మగారు కూర్చుని ఫోన్లు చేస్తారు, ఆవిడ చేస్తే కాదనగలిగేవాళ్లు కూడా ఉండరు. ఇంటర్ చదివే పిల్లాడు ధరలు కంప్యూటర్లో ఎక్కిస్తాడు.

వంతుల పట్టిక మూడు నెలలకు ఒకేసారి వేయండి. పేరు పక్కన వారం, సమయం ఉండాలి. వాట్సాప్ గ్రూపులో "ఎవరైనా రాగలరా" అని అడిగితే ఎప్పుడూ ఆ నలుగురే వస్తారు, ఆరో నెలలో ఆ నలుగురూ విసిగిపోతారు. రాలేనివాళ్లు తామే ఇంకొకరితో మార్చుకోవాలి, ఆ టెన్షన్ కార్యదర్శికి పెట్టకూడదు.

"వంతుకి బదులు రెండొందలు కట్టేస్తాను" అనేవాళ్లుంటారు. ఒప్పుకోవద్దన్నది నా అభిప్రాయం. డబ్బున్నవాళ్లు కట్టి తప్పుకుంటారు, లేనివాళ్లు చేస్తారు, ఏడాదిలో ఎవరు యజమానో ఎవరు పనివాళ్లో తేలిపోతుంది. బాలింతలకు, జబ్బుపడినవాళ్లకు, పరీక్షలున్న ఇంటికి మినహాయింపు ఇవ్వండి. మిగతావాళ్లు వరుసగా మూడు వంతులు ఎగ్గొడితే ఆ త్రైమాసికం సభ్యుల ధర ఉండదని బైలాలోనే రాసుకోండి.

కొట్టులో కుర్రాడికి జీతం మాత్రం సరిగ్గా ఇవ్వండి. మనం స్వచ్ఛందంగా చేస్తున్నాం కదా అని అతని జీతంలో పొదుపు చేయడం అన్యాయం. అతను వెళ్లిపోతే సంఘం వారం రోజులు మూతపడుతుంది.

7. కొట్టు, కాటా, కాగితాలు

ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నమోదు కావాలి, అమ్మకాలను బట్టి రిజిస్ట్రేషనో లైసెన్సో వస్తుంది, ఆ నంబరు కొట్టులో కనబడేలా పెట్టాలి. కార్మిక శాఖ దగ్గర షాపు నమోదు, జీఎస్టీ అవసరమా కాదా అన్నది ఆడిటర్‌ని అడిగి చేయించుకోండి. ఎలక్ట్రానిక్ కాటాకి ఏటా తూనికలు కొలతల శాఖ ముద్ర పడాలి. ముద్ర ఉన్నా సరే, కాటా పక్కనే ముద్ర వేసిన కిలో రాయి ఒకటి ఉంచండి. అనుమానం వచ్చిన సభ్యుడు తానే పెట్టి చూసుకోవచ్చు.

గది ఎంచుకునేటప్పుడు 2024 సెప్టెంబరు గుర్తుపెట్టుకోండి. బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. సెల్లార్‌లో గోడౌన్ పెట్టొద్దు. మెరక మీద గది దొరక్కపోతే బియ్యం మొదటి అంతస్తులో పెట్టుకుని, కింద వారానికి సరిపడానే ఉంచండి. సరుకుకి బీమా చేయించండి.

8. డబ్బు దగ్గర మూడు కట్టుబాట్లు

అప్పు ఇవ్వకూడదు. రాచ్‌డేల్ వాళ్లు నగదు అమ్మకాలే అని పట్టుబట్టింది ఊరికే కాదు. పక్కింటివాళ్లని అప్పు అడగడం కష్టం, అందులోనూ వాళ్లే ఓటర్లు అయినప్పుడు మరీ కష్టం. పది ఇళ్లు రెండు వేల చొప్పున బాకీ పడితే వచ్చే నెల బియ్యానికి డబ్బుండదు. నిజంగా ఇబ్బందిలో ఉన్న కుటుంబానికి వేరే దారి చూపండి. నెలనెలా ఇష్టమున్నవాళ్లు వేసే చిన్న సహాయ నిధి పెట్టి, అందులోంచి సరుకు ఇవ్వొచ్చు. పేర్లు నోటీసు బోర్డు మీద మాత్రం పెట్టకండి.

యూపీఐ డబ్బు సంఘం బ్యాంకు ఖాతాకే రావాలి. కార్యదర్శి ఫోన్ నంబరుకి పంపడం మొదటి రోజు సౌకర్యంగానే ఉంటుంది. ఆర్నెల్ల తర్వాత ఏది ఇంటి డబ్బో ఏది సంఘం డబ్బో ఆయనకే తెలియదు, నిజాయితీపరుడు కూడా దొంగలా నిలబడాల్సి వస్తుంది. ఖాతాకి ఇద్దరి సంతకాలుండాలి, ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు కాకూడదు.

మూడోది, నిలవ లెక్క. నెలకోసారి పాలకవర్గంలో లేని ఇద్దరు సభ్యులు, చీటీ తీసి ఎంచినవాళ్లు, బస్తాలు లెక్కపెట్టి స్టాక్ రిజిస్టర్‌తో పోల్చాలి. తేడా ఎంతైనా సరే, ఐదు కిలోలైనా అదే రోజు గోడ మీద రాయాలి. తరుగు అర శాతం దాటుతోందంటే ఎలకలో, కాటానో, చేతివాటమో ఏదో ఒకటి ఉన్నట్టు.

9. సమావేశాలు

నెలకోసారి, గంటన్నర మించకుండా. ఎండాకాలంలో సాయంత్రం ఆరున్నర తర్వాతే పెట్టండి. దసరా తొమ్మిది రోజులూ పెట్టకండి, దుర్గమ్మ కొండకి వెళ్లేవాళ్లు, చుట్టాలతో సతమతమయ్యేవాళ్లు ఎవరూ రారు. పిల్లలకి ఆడుకునే చోటు ఉంటే ఆడవాళ్లు వస్తారు. టీ ఖర్చు సంఘం పెట్టుకోవాలి, అదేం వృథా కాదు.

ముందు లెక్కలు చదవాలి, తర్వాత ఫిర్యాదులు, చివర్లో నిర్ణయాలు. ఉపన్యాసాలకి కాలం లేదు. డ్వాక్రా గ్రూపులో పనిచేసిన ఆవిడ ఒకరుంటే మినిట్స్ పుస్తకం ఆవిడ చేతికే ఇవ్వండి. తీర్మానం ఎలా రాయాలో, సంతకాలు ఎప్పుడు పెట్టించాలో చాలామంది ఉద్యోగస్థుల కంటే వాళ్లకి బాగా తెలుసు.

పాలకవర్గంలో ఏడుగురో తొమ్మిదిమందో ఉంటే చాలు, సగం మంది ఆడవాళ్లు ఉండేలా చూడండి. అందరి పదవీకాలం ఒకేసారి అయిపోకుండా ఏటా మూడో వంతు మారేలా పెట్టుకుంటే పని తెలిసినవాళ్లు ఎప్పుడూ కొందరుంటారు. వరుసగా రెండు సార్లకు మించి ఒకరే వద్దు. కులం, పార్టీ లెక్కలు కాలనీ ఎన్నికల్లోకి కూడా వస్తాయి, రావని నటించి లాభం లేదు. పాలకవర్గ అభ్యర్థి ఏడాదిలో తన వంతులన్నీ చేసి ఉండాలన్న ఒక్క షరతు పెడితే ఆ వేడి చాలావరకు చల్లారుతుంది. ఫ్లెక్సీల మోజున్నవాళ్లు బస్తాల దగ్గర కనబడరు.

10. కారం రోజు, రైతుల దగ్గరికి ప్రయాణం

సంఘం కొట్టుకే పరిమితమైతే మనుషులు దగ్గరవరు. ఏడాదికి ఒకటి రెండు పనులు అందరూ కలిసి చేసేవి ఉండాలి. మనకి కారం కంటే మంచి సందర్భం లేదు. గుంటూరు యార్డుకి ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మిర్చి పోటెత్తుతుంది. అరవై ఇళ్లకి మూడేసి కిలోలంటే నాలుగైదు టిక్కీలు (మిర్చి బస్తాలు) చాలు. ఘాటుకి తేజ, రంగుకి బ్యాడిగి రకం కలిపి కొనండి. యార్డులో వేలం పెద్ద లాట్లతో నడుస్తుంది కాబట్టి కమీషన్ ఏజెంటు ద్వారా తీసుకోవడమో, తెలిసిన రైతు కళ్లంలోనే తూయించుకోవడమో చేయాలి. డాబా మీద ఎండబెట్టి, అందరూ కూర్చుని తొడిమలు తీసి, మిల్లుకి మీరే వెంట వెళ్లి ఆడించుకు రండి. మిల్లు ముందు నిలబడి తుమ్మిన నలుగురు ఆ ఏడాదంతా మాట్లాడుకుంటారు. పసుపు కూడా ఇలాగే, దుగ్గిరాల యార్డు పక్కనే ఉంది.

రసాయనాలు లేని సరుకు కావాలని కొన్ని ఇళ్లు అడుగుతాయి. రాష్ట్ర ప్రభుత్వ రైతు సాధికార సంస్థ గుంటూరులోనే ఉంది, దాని ప్రకృతి వ్యవసాయ కార్యక్రమానికి 2024లో పోర్చుగల్ సంస్థ ఇచ్చే గుల్బెంకియన్ బహుమతి కూడా వచ్చింది. మన చుట్టుపక్కల ఊళ్లలో ఆ పద్ధతిలో చేసేవాళ్లున్నారు. పొలానికి వెళ్లి చూడండి, పంట వేసే ముందే ధర మాట్లాడుకోండి, వీలైతే కొంత అడ్వాన్సు ఇవ్వండి. బజారు ధర పెరిగిందని రైతు, తగ్గిందని మీరు మాట తప్పకుండా ఇద్దరికీ ఒక కాగితం ఉండాలి. ఈ సరుకుని కొట్టులో విడిగా ఉంచండి. అయితే పీజీఎస్, ఎన్‌పీవోపీ అనే సేంద్రియ ధ్రువీకరణల్లో ఏదో ఒకటి లేకుండా "ఆర్గానిక్" అని బోర్డు రాయకూడదు, ఎఫ్ఎస్ఎస్ఏఐ 2017 నిబంధనలు ఒప్పుకోవు. "ఫలానా ఊరి రైతు దగ్గర, మేం పొలం చూసి కొన్నది" అని రాయండి. మన సభ్యులకి ఆ మాట చాలు.

11. మిగులు ఎలా పంచాలి

లాభం అనకుండా మిగులు అంటారు, ఎందుకంటే అది సభ్యుల దగ్గర ఎక్కువ తీసుకున్న డబ్బే. డెయిరీలో పాలు పోసినదాన్ని బట్టి రైతుకి బోనస్ ఇచ్చినట్టు, ఇక్కడ కొన్నదాన్ని బట్టి సభ్యుడికి తిరిగివ్వాలి. వంద ఇళ్లు నెలకు మూడేసి వేలు కొంటే ఏడాది అమ్మకం 36 లక్షలు. మిగులు 72 వేలు వచ్చిందనుకోండి. సగం రిజర్వుకి పోనిచ్చి, మిగిలిన 36 వేలు పంచితే కొన్నదానిలో ఒక శాతం. ఏడాదికి 40 వేలు కొన్న ఇంటికి 400 రూపాయలు.

నాలుగొందలేనా అని నవ్వేవాళ్లుంటారు. మొదటి రెండేళ్లు దాన్ని చేతికివ్వకుండా వాటాలో కలపమని సర్వసభ్య సమావేశంలో అడిగి చూడండి. ఒప్పుకోకపోతే ఇచ్చేయండి, వాళ్ల డబ్బే కదా. ఆడిట్ అవకుండా మాత్రం ఒక్క రూపాయి కూడా పంచొద్దు. నష్టం వచ్చిన ఏడాది దాన్ని దాచకుండా, సభ్యులు ఎలా పూడ్చాలో కూడా అదే సమావేశంలో తేల్చండి.

12. వెళ్లేవాళ్లు, వచ్చేవాళ్లు

బదిలీ మీద వెళ్లేవాళ్లకి వాటా డబ్బు అరవై రోజుల్లో, బాకీ లేదని చూసుకుని, చెక్కు రూపంలో ఇచ్చేయండి. సణుగుడు లేకుండా ఇచ్చిన ఆ చెక్కు కొత్తగా వచ్చిన అద్దెవాళ్లని చేర్పిస్తుంది. కొత్తవాళ్లు చేరిన మొదటి వంతు పాతవాళ్లతో కలిపి వేయండి, కాటా దగ్గర రెండు గంటలు నిలబడితే సంఘం ఎలా నడుస్తుందో వాళ్లకే అర్థమవుతుంది.

పక్క కాలనీవాళ్లు వచ్చి "మాకూ ఒక బ్రాంచి పెట్టండి" అంటారు. నా మాట వింటే బ్రాంచి పెట్టకండి. మీ బైలా కాపీ, ధర చీటీ నమూనా, వంతుల పట్టిక ఇచ్చి వాళ్ల సంఘం వాళ్లనే పెట్టుకోమనండి. కొనుగోలు మాత్రం కలిపి చేయండి. గొల్లపూడి నుంచి ఒకే లారీలో రెండు కాలనీల బియ్యం వస్తే కిరాయి బస్తాకి ఎంత తగ్గిందో ఆ సాయంత్రమే రెండు చోట్లా చీటీ మార్చి రాయొచ్చు.